నిండు గీత

మేడగది, మెట్ల వీధి
మార్చి 4

బావమరిదికి,

నలభై ఏళ్ల కింద ఒక మంగళవారం పొద్దున నువ్వు నాకొక మాట ఇచ్చావు. మరిచిపోయి ఉంటావు. ఇచ్చినవాడికి మరపు సుఖం, పుచ్చుకున్నవాడికి ఆ సుఖం లేదు. "నువ్వెళ్లు బావా, నాలుగో గొయ్యి నేను దగ్గరుండి తవ్విస్తాను, సాయంత్రానికి పునాది లోతు కొలిచి చెప్తాను" అన్నావు. సాయంత్రం వచ్చి "ఎనిమిది అడుగులు" అన్నావు. అన్నప్పుడు నీ కళ్లు నా చొక్కా గుండీల మీద ఉన్నాయి. నాకు బాగా గుర్తు.

ఇన్నేళ్ల తర్వాత ఈ గొయ్యి ఎందుకు తవ్వుతున్నానంటావా? విను. మనిద్దరం పనిచేసిన ఆ పాత రికార్డుల భవనానికి వెనక గోడంతా చెమ్మ పట్టింది. రెండు వందల ఏళ్ల గోడ, కింద నించి నీళ్లు తాగుతోంది. పడమటి మూలలో నా భుజం ఎత్తుకి ఎక్కింది. దాన్ని ఆపడానికి వెనక గోడ వెంబడి ఆరడుగుల లోతున కాలువ తవ్వి, గొట్టాలు వేసి, నీళ్లు బయటికి పంపుతారట. అనుమతి కోరుతూ గేటుకి నోటీసు అంటించారు. అభ్యంతరాలుంటే ఏప్రిల్ ఇరవై లోగా రాసివ్వాలి, ఇరవై నాలుగున విచారణ.

నోటీసు వెనక ఒక పాత నక్షా జిరాక్సు కుట్టారు. మూల కోసేసిన జిరాక్సు, తేదీ లేదు, సంతకం లేదు. అయినా ఎవడి గీత వాడికి తెలియదా? అది నాది. నాలుగు మూలలా పునాది ఎనిమిదడుగులు. నాలుగుచోట్లా నిండు గీత.

మన పనిలో ఉన్న నీతి అంతా కలిపి ఒక్కటే కదరా: కంటితో చూసింది నిండు గీత, ఊహించింది చుక్కల గీత. మూడు గోతుల్లోకి నేను దిగి చూశాను. నాలుగోది, పడమటి మూలది, నీ మాట విని గీశాను. వాళ్లు ఆ గీతని నమ్మి ఆరడుగులు తవ్వబోతున్నారు. పునాది నిజంగా ఎనిమిదడుగులుంటే గోడకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. లేకపోతే గోడ కాళ్ల కింద మట్టి లాగేసినట్టే.

ఆ మూల గదిలో పది నించి అయిదు దాకా నీ మేనకోడలు కూచుంటుంది. చిరిగిన రిజిస్టర్లకి కాయితం అతికే పని. గోడకి వీపు ఆనించి కూచుంటుంది.

ఆ గొయ్యి తవ్వించావా? లోతు కొలిచావా? ఉన్నది ఉన్నట్టు రాయి. ఫోన్ వద్దు, ఫోన్లో నువ్వు దగ్గుతావు.

నీ బావ


రైలు కట్ట పక్క ఇల్లు
మార్చి 11

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి ముందు సంతోషించాను, తర్వాత బెంగపడ్డాను. అక్క పోయాక ఒంటరిగా ఆ మేడగదిలో కూచుని పుస్తకాలు చదివి చదివి బుర్ర వేడెక్కించుకుంటున్నారు. కాస్త గాలికి తిరగండి.

గొయ్యి తవ్వించాను బావా. ఎందుకు తవ్వించను? ఎనిమిదడుగులే. ఇంకా చెప్పాలంటే ఎనిమిదీ రెండంగుళాలు. పొడి నేల, రాయిలా గట్టి. గునపం దిగితే ఒట్టు. ఇద్దరు కూలీలు చెమటలు కక్కారు. నాకు నిన్నటిలా గుర్తుంది.

ఇంకో మాట, కోప్పడకండి. ఆ కాలువ కోసం మూడేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరిగింది మన అమ్మాయే. పోయిన వానల్లో నూట పది రిజిస్టర్లు బూజు పట్టి పోయాయని నాతో ఫోన్లో ఏడ్చింది. ఇప్పుడు కన్నతండ్రే వెళ్లి అభ్యంతరం పెడితే అనుమతి ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. పైగా "నా గీత తప్పు" అని మీరే రాసిస్తే ఊరుకుంటారా? ఈ వయసులో ఎంక్వయిరీలు, మీకూ నాకూ పెన్షన్లు ఆపడాలు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

నా మోకాళ్లు అలాగే ఉన్నాయి. మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ బావమరిది


మేడగది
మార్చి 19

బావమరిదికి,

గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ జవాబు. ఒక్క ముక్క అడిగితే కూలీల చెమటతో సహా రాశావు. చాలా చదివినవాణ్ణిరా. అబద్ధానికి ఎప్పుడూ వివరాలు ఎక్కువుంటాయి, నిజం బద్ధకస్తురాలు.

పొడి నేల అన్నావు. ఆ వారమంతా వాన. మిగతా మూడు గోతుల్లోంచి నేను బకెట్లతో నీళ్లు తోడించాను. నా పాంటు మోకాలి దాకా బురద. నీ గొయ్యి ఒక్కటే ఎండలో ఉందా?

నిన్న ఆ గదికి వెళ్లాను. ఎలా ఉందో చెప్తాను, నువ్వు కూడా కాస్త భయపడు. గోడ మీద ఉప్పు తెల్లటి పూతలా పొంగింది. వేలితో ముడితే గచ్చు పెచ్చులుగా రాలుతుంది. వెనక ఇటుక తడిసిన బిస్కెట్టులా ఉంది. మిగతా మూడు మూలల్లో చెమ్మ మోకాలి ఎత్తు, ఇక్కడ భుజం ఎత్తు. లోతు పునాది ఉన్న గోడ ఇలా చేయదు. కిటికీ పక్కన సన్నటి బీట ఒకటి ఉంది. దాని మీద అడ్డంగా ఒక గాజుముక్క పెట్టి, రెండు చివరలూ సున్నంతో అతికి, పక్కన తేదీ రాశాను. గోడ కదిలితే గాజు పగులుతుంది. గోడ అబద్ధమాడినా గాజు ఆడదు.

అమ్మాయికి కోపం వచ్చింది.

"నాన్నా, నా గదిలో ఇదేంటి?"

"కాపలా."

"దేనికి? కాలువ పడితే గోడ ఆరుతుంది. వానలు రెండు నెలల్లో ఉన్నాయి. నువ్వు అభ్యంతరం గిభ్యంతరం అన్నావంటే ఈ గోడ కంటే ముందు నేను పడిపోతాను."

"ఈ మూల పునాది ఎంత లోతుందో నాకు తెలీదు."

"నీ నక్షాలో ఉందిగా!" అంది. అని మళ్లీ జిగురు కుంచె అందుకుంది.

నా గీతని అంత గట్టిగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు.

ఆ రోజుల్లో మన పై అధికారి, ఆ రూళ్లకర్ర, గుర్తున్నాడా? "చుక్కలు వద్దయ్యా, చుక్కల నక్షా చూస్తే పెద్దలకి నిద్ర పట్టదు" అనేవాడు. నక్షా ఆలస్యమైతే ఉద్యోగం ఖాయం చేయనన్నాడు. ముప్ఫయ్యేళ్లు వాణ్ణి తిట్టుకుంటూ బతికాను. కానీ వాడు నా చెయ్యి పట్టుకుని గీయించలేదు. నీ మాట మీద నేనే గీశాను. ఆ పాపంలో నా వాటా నేను మోస్తాను. నీ వాటా ఎంతో నువ్వు చెప్పు.

నీ బావ


రైలు కట్ట పక్క ఇల్లు
మార్చి 30

బావగారికి,

నాలుగు రోజులుగా జ్వరం. ఎక్కువ రాయలేను. మీరు అడిగింది ఎనిమిదడుగులు, నేను చెప్పింది ఎనిమిదడుగులు. దయచేసి ఇంతటితో వదిలెయ్యండి. నాకు ఒంట్లో బాగాలేదు.

మీ బావమరిది


మేడగది
ఏప్రిల్ 9

ఒరే,

గాజు పగిలింది.

అనుమతి ఇంకా రాలేదు, అయినా కాంట్రాక్టరు తవ్వే యంత్రాన్ని తెచ్చి వెనక పెరట్లో నిలబెట్టాడు. "రేపో మాపో వచ్చేదే కదా పెద్దాయనా, ఊరికే తెచ్చి పెట్టుకున్నాం" అన్నాడు. దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి నిలబెట్టేసరికే గాజు అడ్డంగా చీలింది. ఒక్క చెంచాడు మట్టి తీయకుండానే! ఇక ఆరడుగులు తీస్తే?

అమ్మాయికి చూపించాను. మొహం తెల్లబోయింది. అయినా గది ఖాళీ చేయనంది. "ఇంకెక్కడ పెట్టను నాన్నా వీటిని? ఈ భవనంలో ఇంకో గది లేదు" అంది. ఇప్పుడు బల్లని గోడకి కాస్త దూరం జరిపి కూచుంటోంది. మూడడుగులు. ఇరవై అడుగుల గోడకి మూడడుగుల దూరం.

రోజూ పదిన్నరకి, రెండింటికి, అయిదింటికి వెళ్లి కిటికీలోంచి చూసి వస్తున్నాను. దారిలో ఎక్కడ లారీ బరువు దించిన చప్పుడైనా నా కాళ్లు ఆగిపోతున్నాయి. ఆఫీసు వాచ్‌మన్ నన్ను "గోడ తాతగారు" అంటున్నాడు. అననీ.

నేను అభ్యంతరం రాసిచ్చాను. నా సంతకం ఉన్న గీతని నేనే కాదంటే ఎవరూ నమ్మరు, ముసలివాడికి మతి పోయిందంటారు. ఆ రోజు ఆ గోతి పక్కన నిలబడ్డవాడివి నువ్వొక్కడివే. ఇరవై నాలుగున విచారణకి రా. రాలేకపోతే నిజం కాయితం మీద పెట్టి సంతకం చేసి పంపు. నీ మీద ఈగ వాలనివ్వను, తప్పంతా నాదేనని రాసిస్తాను.

మళ్లీ "ఎనిమిది" అన్నావంటే, అది కూడా రాసి సంతకం చేసి పంపు. ఆ కాయితం నా దగ్గర ఉంచుకుంటాను. గోడ పడిన రోజు నీకు తిరిగి పంపుతాను.

నీ బావ


రైలు కట్ట పక్క ఇల్లు
ఏప్రిల్ 18

బావా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను.

గొయ్యి తవ్వించాను. అది నిజం. అడుగు ముప్పావుకే పునాది రాళ్లు అయిపోయాయి. కింద మెత్తటి మట్టి. దాంట్లోంచి ఊటలా నీళ్లు. కూలీ ఒకడు "బాబూ, ఈ గోడ దేని మీద నిలబడిందండీ?" అనడిగాడు. కొలత మేకు పాతిన చోటే వదిలేసి పూడ్పించేశాను.

మీకు చెబుదామనే బయల్దేరాను. మధ్యాహ్నం మీ ఇంటికొచ్చాను. మీరు లేరు. అక్క వంటింట్లో పిండి కలుపుతోంది. పాప గడప దగ్గర పాకుతోంది, నా చెప్పు పట్టుకుని లాగింది. అక్కకి జరిగిందంతా చెప్పాను. అక్క ఏమందో ఇన్నేళ్లూ నోరు విప్పలేదు. "ఒరే తమ్ముడూ, ఇప్పుడది ఆయనకి చెప్పకు. నక్షా ఆగిందంటే ఉద్యోగం ఖాయం కాదు. చిన్నపిల్లని పెట్టుకుని మేం ఎక్కడికి పోతాం? ఎనిమిదని చెప్పెయ్" అంది. చేతిలో చెయ్యి వేయించుకుంది. ఇంట్లో పెద్దది, అమ్మ తర్వాత అమ్మ. ఆమె మాట ఎలా కాదనను?

పోయిన మనిషి మీద చెప్పకూడదనే ఇన్నాళ్లూ మీ చేత తిట్లు తిన్నాను. ఇప్పుడు మేనకోడలి ప్రాణం కోసం చెప్తున్నాను. ఈ ఉత్తరాన్నే సాక్ష్యంగా వాడుకోండి, కింద సంతకం చేశాను. విచారణకి మాత్రం రమ్మనకండి. ఆ గోడ ముందు నిలబడే ధైర్యం నాకు లేదు.

మీ బావమరిది


మేడగది
మే 2

బావమరిదికి,

ఇది ఆఖరి ఉత్తరం, కాబట్టి తాపీగా రాస్తాను.

నీ కాయితం అందాక మూడు రోజులు మీ అక్క ఫోటో వైపు చూడలేదు. అన్నం తింటూ ఆమెతో దెబ్బలాడాను. "నాకు చెప్పొద్దన్నావా? నా ఉద్యోగం కోసం నా చేత అబద్ధం గీయించావా?" అని. ముప్ఫై నాలుగేళ్లు ఒకే కప్పు కింద బతికి ఆ మనిషి నాకు తెలియలేదా అని భయం వేసింది. గోడ పడుతుందన్న భయం కంటే ఇది పెద్దదని నీకు చెప్తే అర్థం కాదు.

విచారణకి వెళ్లాను. పక్కన అమ్మాయి కూచుంది. ప్లానింగ్ ఆఫీసరు మా అమ్మాయి కంటే చిన్నది, మాటలో గట్టిది. నన్ను అడిగింది.

"ఈ నిండు గీత ఎవరు గీశారండీ?"

"నేనేనమ్మా."

"చూసి గీశారా?"

"విని గీశాను."

కాంట్రాక్టరు కిసుక్కున నవ్వాడు. అప్పుడు నీ ఉత్తరం తీసి చదివాను. మొత్తం చదవాల్సి వచ్చింది, సగం చదివితే సాక్ష్యం కాదు కదా. మీ అక్క మాట దగ్గరికొచ్చి ఆగి, ఆ వరస మళ్లీ మొదటినించి చదివాను. కూతురి ముందు తల్లిని దోషిని చేసి చదవడం ఎలా ఉంటుందో నీకు ఎప్పటికీ తెలియకూడదు. అమ్మాయి ఒళ్లో చేతులు చూసుకుంటూ వింది.

ఆఫీసరు అసలు నక్షా తెప్పించి బల్ల మీద పరిచింది. జిరాక్సులో పోయిన మూల అందులో ఉంది. నా సంతకం, కింద తేదీ. అమ్మాయి లేచి వంగి చూసింది. చూసి నవ్వింది. విచారణ గదిలో అలా నవ్వకూడదు, అయినా నవ్వింది.

"నాన్నా, ఇది నువ్వనే నలభై ఏళ్లు కాదు, నలభై ఒకటి. ఆగస్టు పంతొమ్మిది. నేను పుట్టింది ఆ ఏడే, ఆగస్టు పదిన. తొమ్మిది రోజుల పిల్లని గడప దగ్గర పాకానా? మావయ్య చెప్పు కూడా లాగానా?"

అప్పుడు తెలిసింది నాకు. వానలో గోతులు ఒక అరలో దాచుకున్నాను, ఆసుపత్రి ఇంకో అరలో దాచుకున్నాను. రెండూ ఒకే వారమని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు. కాన్పు కష్టమై మీ అక్క పదహారు రోజులు ఆసుపత్రి మంచం దిగలేదు. ఆ మంగళవారం నాలుగో గోతి దగ్గర నేనెందుకు లేనో ఇప్పుడు గుర్తొచ్చింది. పొద్దున ఆసుపత్రి నించి కబురొస్తే, నిన్ను నిలబెట్టి పరిగెత్తాను. మీ అక్క మా వంటింట్లో పిండి కలుపుతోందా? ఆమె చేతికి అప్పుడు సూది ఉందిరా.

నేను "నలభై ఏళ్లు" అని తప్పు రాశాను. నువ్వు ఆ తప్పుని పట్టుకుని, లెక్క చూసుకుని, పాపని పాకించావు. పోయినవాళ్లు ఎదురు చెప్పరని ధీమా.

కాంట్రాక్టరు అందుకున్నాడు. "పాకే పాప అబద్ధమైతే గొయ్యి మాత్రం నిజమా పెద్దాయనా?" గదిలో అందరూ నా వైపు చూశారు. నీ వంటింటి కథ మూలాన నీ నిజం కూడా చెల్లని కాసైంది. అయిపోయింది, అనుమతి ఇచ్చేస్తారు అనుకున్నాను.

ఆఫీసరు నీ ఉత్తరం మడిచి నాకిచ్చింది. "ఎవరిది అబద్ధమో నాకెందుకు? తవ్వితే తెలుస్తుంది. ఒక్క గొయ్యి, చేత్తో. సగం రోజు పని" అంది. సగం రోజు పని! మనిద్దరం నలభై ఒక్క ఏళ్లు చేయని పని. తర్వాత జిరాక్సు నా ముందు పెట్టి, "అందాకా ఆ మూల చుక్కలు పెట్టండి" అని పెన్సిలు ఇచ్చింది. గీతని కొట్టేసి పక్కన చుక్కలు పెట్టాను. చేతి వణుకు మొదటిసారి పనికొచ్చింది, చుక్కలు వాటంతటవే పడ్డాయి.

ఇరవై ఏడున పొద్దున తవ్వారు. ముందు ఆ గది ఖాళీ చేయమన్నారు. అమ్మాయి రిజిస్టర్లు చేతుల మీద మోసుకుంటూ వరండాలోకి చేరుస్తోంది, ఒక్క అరే మిగిలింది. బయట మేస్త్రీ గునపం వేసి ఆగాడు. "ఇక్కడ ఎవరో ముందే తవ్వి పూడ్చారండీ, మట్టి కలిసిపోయి ఉంది" అన్నాడు. అడుగు ముప్పావు దగ్గర పునాది రాళ్లు ఆగిపోయాయి. దాని పక్కనే తుప్పు పట్టిన నీ కొలత మేకు. దాని చుట్టూ నీళ్లు ఊరుతున్నాయి.

సరిగ్గా అప్పుడు లోపల "టిక్" మంది. నేను కొత్తగా పెట్టిన గాజు. ఆ చప్పుడు ఎవరికీ వినిపించలేదు, నాకు వినిపించింది. "అమ్మాయ్, వదిలేసి రా!" అని అరిచాను. నా గొంతులో అంత అరుపు ఉందని నాకే తెలీదు. కిటికీ పక్కన బీట నా కళ్ల ముందు బొటనవేలు పట్టేంత తెరుచుకుంది. గచ్చు పెళ్లలు పెళ్లలుగా దాని బల్ల మీద రాలింది. అమ్మాయి దుమ్ములోంచి ఎనిమిది రిజిస్టర్లు గుండెకి హత్తుకుని బయటికొచ్చింది. వదిలేయమంటే వదల్లేదు, మీ అక్క పోలిక. మేస్త్రీ గొయ్యి పూడ్చేసి, దూలాలు తెచ్చి గోడకి ఆసరా పెట్టాడు. కాంట్రాక్టరు యంత్రం మెట్టు మీద కూలబడి నీళ్లడిగాడు.

గోడ నిలబడింది. నక్షా మార్చారు. కాలువ గోడకి పన్నెండడుగుల దూరాన, రెండడుగుల లోతున, చేత్తో తవ్వుతారు. గోడ దగ్గర నేలని మాత్రం ఏటవాలుగా చెక్కి నీళ్లని అటు నడిపిస్తారు. నిన్న అనుమతి వచ్చింది. అమ్మాయికి ముందు వైపు గదిలో సగం ఇచ్చారు. అయినా లారీ చప్పుడుకి నా కాళ్లు ఇంకా ఆగుతున్నాయి. ఇక ఆగుతూనే ఉంటాయనుకుంటాను.

నా తప్పు నేను రాసిచ్చాను. పెన్షన్ మీద చెయ్యి వేస్తే వేస్తారు. ఆ కాయితంలో నీ పేరు రాయలేదు, నీకిచ్చిన మాట నిలబెట్టుకున్నాను. ఇద్దరిలో ఒకడైనా నిలబెట్టుకోవాలి కదా.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆ సాయంత్రం నువ్వు ఎనిమిదని చెప్పింది ఆఫీసులో కాదు, ఆసుపత్రి వరండాలో. ఇప్పుడు అంతా గుర్తొచ్చింది. నేను బల్ల మీద కూచుని ఏడుస్తున్నాను, డాక్టరు ఇంకా ఏమీ చెప్పలేదు. నువ్వు బురద కాళ్లతో వచ్చి చాలాసేపు నిలబడ్డావు. నా మొహం చూసి నిజం చెప్పలేకపోయి ఉంటావు. "నీ ఏడుపు చూసి చెప్పలేకపోయాను బావా" అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ గొయ్యినీ, ఆ గోడనీ, ఈ నలభై ఒక్క ఏళ్లనీ క్షమించేసేవాణ్ణి. అదే నిజం కూడా. నీ దగ్గర అంత మంచి నిజం ఉండగా, దాన్ని దాచుకుని, నోరు లేని మనిషి నోట్లో మాటలు పెట్టావు.

నిన్న ఫోటో తుడిచి మళ్లీ గోడకి పెట్టాను. పొడి గోడకి. క్షమాపణ అడిగాను. రూళ్లకర్రని ఎప్పుడో వదిలేశాను, నన్ను నేను ఆ చుక్కల దగ్గర సగం వదిలేశాను. నేను ఇప్పటికీ తప్పుపట్టే మనిషి ఒక్కడే మిగిలాడు. వాడు మీ అక్క తమ్ముడు.